జనం లేని వరుస

"ఏడాదే కదా గుంట అడిగింది. మీ కొట్టు రాసిమ్మందేటి?"

కల్యాణి అట్లకాడని పెనం మీద గట్టిగా పెట్టింది. ఆ చప్పుడుకి బంగారురాజు జోళ్ళు తొడుక్కోవడం ఆపి తలెత్తాడు. నిన్న ప్రవేశ పరీక్ష మార్కులు వచ్చినప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఏ వస్తువునీ మెల్లగా కింద పెట్టడం లేదు.

"అడిగింది. నానింకా లేదనలేదు కదా."

"అవుననీ అనలేదు."

"ఆలోచిత్తన్నాను."

"ఆలోచించండి. అప్పుడూ ఆలోచించే కదా తెలుగు పెట్టించినారు."

ఇంటి వెనక రైల్వే యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కదిలాయి. ఆ మోత ఆగేదాకా ఎవరూ మాట్లాడలేదు. బాగ్‌బేరాలో కాపురమున్నవాళ్ళు పోట్లాటలో కూడా బండికి దారిస్తారు.

కూతురు ఉజ్వల తన గది గుమ్మంలో నిలబడి ఉంది. రాత్రి కట్టుకున్న జడ అలాగే రేగిపోయి ఉంది. చేతిలో ఫోను. దాని మీద మార్కుల పేజీ ఇంకా తెరిచే ఉంది. ఎన్నిసార్లు చూసినా అందులో ఏమీ మారడం లేదు.

ఇంగ్లీషులో ఆ పిల్ల దేశంలో చాలామందిని దాటేసింది. జనరల్ పేపరూ బాగానే చేసింది. తెలుగులో మాత్రం అడుగున పడింది. ఢిల్లీలో ఆమె కోరుకున్న జపనీస్ కోర్సుకి ఆ యూనివర్సిటీవాళ్ళు ఇంగ్లీషు మార్కునీ, ఇంకో మన దేశపు భాష మార్కునీ కలిపి చూస్తారు. ఆ రెండో భాష ఏదైనా ఎంచుకోవచ్చు. ఉజ్వల హిందీ అంది. నర్సరీ నుంచి ఆ పిల్ల బడి చదువంతా హిందీ, ఇంగ్లీషుల్లోనే సాగింది. కానీ ఫారం నింపేరోజు బిష్టుపూర్ ఇంటర్నెట్ సెంటర్లో బంగారురాజు కూతురి భుజం మీదుగా వంగి, కంప్యూటరు ముందున్నతనితో "తెలుగు పెట్టు బాబూ" అన్నాడు.

అతని లెక్క అతనికి ఉంది. ఈ ఊళ్ళో హిందీ రాసేవాళ్ళు వేలమంది. తెలుగు రాసేవాళ్ళు వెతికినా దొరకరు. ఫ్యాక్టరీల పేట గమ్హరియాలో అందరూ హెల్మెట్లు అమ్ముతున్న రోజుల్లో వెల్డర్లకి తోలు ఏప్రాన్లు తెచ్చి నిలదొక్కుకున్న మనిషి అతను. అందరూ మెయిన్ రోడ్డు మీద కొట్లకోసం ఎగబడితే, తను ప్లాంటు వెనక గేటు ఎదురుగా షెడ్డు తీసుకున్నాడు. ఇవాళ ఆ గేటులోంచి లోపలికి వెళ్ళే సేఫ్టీ బూట్లలో ఎక్కువ భాగం అతని కొట్లోవే. జనం లేని వరుస చూసుకుని నిలబడడం ఒక్కటే జీవితం అతనికి నేర్పిన విద్య. పైగా పుట్టినప్పటినుంచి ఇంట్లో వింటున్న భాషకి వేరే చదివేదేముంది అనుకున్నాడు.

సరుకు ఒకటనుకుంటే, మూట విప్పాక ఇంకొకటి బయటపడింది.

"నాన్నా, పేపర్లో ఒక పద్యం ఇచ్చినారు," అంది ఉజ్వల. "దాన్లో ఒక్క మాట మనింట్లోది లేదు. తెలుగు సంఘంలో ఆదివారం క్లాసుల్లో నేను నేర్చుకున్నది అక్షరాలే. ఆ నాలుగు లైన్లు కూడబలుక్కుని చదివేసరికే సగం టైమ్ అయిపోయింది. సమాసాలడిగినారు. అవేంటో కూడా నాకు తెలీదు."

మంచం మీద కూర్చున్న జోగమ్మ చెవి ఒగ్గి వింటోంది. ఆమె కొడుకు బంగారురాజు చంకలో ఉండగా శ్రీకాకుళం దాటి ఈ హిందీవాళ్ళ ఊరికి వచ్చింది. ఇన్నేళ్ళకి హిందీ అర్థం చేసుకుంటుంది గానీ నోట పలకదు.

"పద్దేలేటే? మనం మాటాడుకునీ మాటలు అడగరా?"

"అడగరు మామ్మా."

"వంట గురించి, వానల గురించి, నాట్ల గురించి?"

"అలాటివేవీ ఉండవు."

"మరి తెలుగన్నారు?"

"అది పుస్తకాల్లో తెలుగు మామ్మా."

జోగమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంది. "అయితే, ఇన్నాళ్ళూ నాను మాటాడింది తెలుగు కాదేటి?"

కల్యాణి స్టవ్ తగ్గించింది. ఉజ్వల ఫోను వైపు చూసింది. బంగారురాజు రెండో కాలి జోడు తొడుక్కుని, అవసరం లేకపోయినా మళ్ళీ విప్పి తొడిగాడు.

"ముఝే ఏక్ సాల్ చాహియే, బస్," అంది ఉజ్వల. కోపం వస్తే ఆ పిల్ల నోట హిందీయే వస్తుంది. "ఫారం మై ఖుద్ భరూంగీ."

"నువ్వే నింపుకుందువు గాని. మళ్ళీ రాత్తానని ఏడాది ఇంట్లో కూకుంటే మనిషి ఏటవుతాదో తెలుసా? కొట్లో బూటు చూడు. అర మీద ఏడాదుంటే పైకి కొత్తదాన్లాగే ఉంటాది. ఎవడైనా తొడుక్కుని నాలుగడుగులేత్తే సోలు ముక్కలై రాలిపోతాది."

"నేను బూటు కాదు నాన్నా."

అది తెలుగులో అంది. గొంతు పెంచకుండా అంది. బంగారురాజుకి ఆ పిల్ల హిందీలో అరిచి ఉంటేనే బాగుండేదనిపించింది.

"సరే, నా తప్పే అనుకో. నాకేటి తెలుసు? మూర్తిగారిని అడిగినాను. ఆయన చెప్పినాకే పెట్టించినాను. సంఘానికి ప్రెసిడెంటు, అంత పెద్ద చదువు చదివినోరు, ఆయనకంటే మనకెక్కువ తెలుసా?"

కల్యాణి కూతురివైపు తిరిగింది. "చెప్పవే."

"ఛోడో నా మా."

"నువ్వు చెప్పకపోతే నాను చెప్తాను."

ఉజ్వల గుమ్మానికి వీపు ఆనించింది. "మైత్రి హిందీ రాసింది నాన్నా."

"ఎవరు మైత్రి?"

ఎవరో అతనికి బాగా తెలుసు. బేరంలో ఊహించని రేటు విన్నప్పుడు ఎంతన్నారు అని మళ్ళీ అడిగే అలవాటు అది. ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

"మూర్తి అంకుల్ కూతురు. అదే కోర్సు, అదే యూనివర్సిటీ. దానికి సీటు ఖాయం. నిన్న ఫోన్ చేసి ఏడ్చింది. హిందీ రాస్తున్నట్టు మనింట్లో ఎవరికీ చెప్పొద్దని వాళ్ళ నాన్న ముందే అన్నారంట."

పెనం మీద అట్టు మాడిన వాసన వచ్చింది. దాన్ని తీయాలని కల్యాణికి కూడా తోచలేదు.

*

ఆ రోజు కొట్లో బంగారురాజు రెండుసార్లు తప్పు సైజు బూట్లు ఇచ్చాడు. అతని దగ్గర అలా ఎప్పుడూ జరగదు.

మధ్యాహ్నం హరిప్రసాద్ స్కూటరు ఆపి లోపలికొచ్చాడు. సంఘం సెక్రటరీ. రైల్వేలో గార్డుగా చేస్తున్నాడు. ఏ పనైనా నవ్వుతూ నెత్తిన వేసుకునే మనిషి.

"బావా, అమ్మాయి ఫొటో ఇంకా పంపలేదు. ఫ్లెక్సీవాడు నా ప్రాణం తీత్తన్నాడు."

"ఏ ఫొటో?"

"బాగుంది. ఆదివారం ఉజ్వలకి సన్మానం కదేటి? దేశం మొత్తం రాసే పరీక్షలో తెలుగు ఎంచుకున్న మొదటి పిల్ల, మన సంఘం నుంచి. మూర్తిగారే శాలువా కప్పుతారు. రాంచీ నుంచి కూడా పెద్దలొత్తన్నారు."

బంగారురాజు గ్లవుసుల కట్ట విప్పి మళ్ళీ కట్టాడు. ఈ సన్మానం సంగతి నెలకిందట విన్నప్పుడు అతను వెనక గేటు కూలీలందరికీ టీ పోయించాడు.

"మార్కులొచ్చినాయంట కదా బావా. ఎలాగున్నాయి?"

"వచ్చినాయి."

"వచ్చినాయంటే చాలు. రాసిందా లేదా అన్నదే మనకి. శాలువా కప్పినప్పుడు మార్కులెవడడుగుతాడు?" హరిప్రసాద్ హెల్మెట్ పెట్టుకుంటూ ఆగాడు. "నీ ముకమేటి అలాగుంది? బీపీ చూపించుకున్నావా?"

"చూపించుకుంటాను."

"ఫొటో పంపు. నవ్వుతున్నది పంపు."

స్కూటరు వెళ్ళిపోయాక బంగారురాజు ఫోనులో కూతురి ఫొటోలు వెతికాడు. నవ్వుతున్నవి చాలానే ఉన్నాయి. ఒక్కటి కూడా పంపడానికి వేలు కదల్లేదు. ఈ లెక్క ముందు తేల్చుకోవాలి. మూర్తిగారి మొహమ్మీదే అడగాలి. అమ్మాయి స్టేజీ ఎక్కదని చెప్పెయ్యాలి. ఏడాది చదివిస్తానని ఇంటికెళ్ళి కూతురితో అనాలి. కల్యాణికి ఫోన్ చేసి, "మూర్తిగారింటికి ఎల్తన్నాను. తాడో పేడో తేల్చుకునే వత్తాను" అన్నాడు.

అవతలినుంచి కల్యాణి, "జాగ్రత్తగా ఎల్లండి" అంది. ఆ గొంతులో నిన్నటినుంచి లేని మెత్తదనం ఉంది.

*

బిష్టుపూర్‌లో నారాయణమూర్తి ఇల్లు చెట్ల వెనక ఉంటుంది. తలుపు ఆయన భార్య జానకీదేవి తీసింది.

"రండి, రండి. ఆయన ఇప్పుడే వచ్చారు."

హాల్లో సోఫామీద కూర్చున్న మైత్రి అతన్ని చూసి లేచింది. "నమస్తే అంకుల్" అని, జవాబు కోసం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

నారాయణమూర్తి కుర్చీ చూపించాడు. గమ్హరియాలో జపాన్‌వాళ్ళతో కలిసి నడిచే ప్లాంటుకి ఆయన జనరల్ మేనేజరు. బంగారురాజు బూట్లు వెళ్ళేది ఆ ప్లాంటు వెనక గేటులోంచే.

"అమ్మాయి మార్కుల సంగతి విన్నాను బంగారురాజూ. చాలా బాధ కలిగింది."

"మైత్రివి బాగా వచ్చినాయంట సార్."

"ఏదో, దాని అదృష్టం."

"హిందీలో."

నారాయణమూర్తి కాఫీ కప్పు పెదవుల దాకా తీసుకెళ్ళి మళ్ళీ కిందపెట్టాడు. జానకీదేవి వంటింట్లోకి వెళ్ళబోయి ఆగింది.

బంగారురాజు గోడవైపు చూశాడు. గోడంతా తెలుగు పుస్తకాలే. "సార్, మీ అమ్మాయి ఇవన్నీ చదువుతాది. ఉగాదికి పద్యాలు చూడకండా పాడుతాది. ఆ యమ్మాయి తెలుగు రాస్తే మంచి మార్కులే వచ్చును. నా కూతురు కొట్ల మీద బోర్డులు చదవడానికే తడుముకుంటాది. మరి మీ అమ్మాయేమో హిందీ రాసినాది, నాదేమో తెలుగు రాసినాది. ఇదెలాగ సార్?"

"మైత్రికి హిందీలో ఖాయంగా వస్తాయని దాని టీచర్లన్నారు. తెలుగు పేపరు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? రిస్కు ఎందుకని..."

"ఆ రిస్కు సంగతి నాకు చెప్పలేదు."

"నువ్వు నన్నేం అడిగావు?" నారాయణమూర్తి గొంతులో కోపం లేదు. మీటింగుల్లో మాట్లాడినట్టే నిదానంగా ఉంది. "తెలుగు పెట్టిస్తే మంచిదేనా అన్నావు. మంచిదే అన్నాను. ఇప్పుడైనా అదే అంటాను. నా కూతురికి ఏం పెట్టిస్తున్నానని నువ్వు అడగలేదు."

బంగారురాజుకి తన కొట్టు గుర్తొచ్చింది.

కొత్తగా పనిలో చేరిన కూలీలు కొట్లోకి వచ్చి, బూటు తిప్పి చూసి, ఇది మంచిదేనా సేఠ్ అని అడుగుతారు. మంచిదే అంటాడు తను. ఏ బూటూ చెడ్డది కాదు కూడా. ఫర్నేసు దగ్గర నిలబడాల్సి వస్తే నువ్వు ఏది తొడుక్కుంటావని ఇన్నేళ్ళలో ఒక్కడూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పకపోవడం అబద్ధం కాదని, అది వ్యాపారమని అతను నమ్మాడు. ఇప్పుడు ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషి తనకంటే నిదానస్తుడైన వ్యాపారి. ఆరోజు సలహాకని వచ్చిన తను, కొంటున్నానని తెలియకుండానే కొని వెళ్ళాడు.

"చూడు," అన్నాడు నారాయణమూర్తి. "అయిందేదో అయింది. ఆదివారం అమ్మాయిని తీసుకురా. రాంచీ నుంచి వచ్చేవాళ్ళ ముందు మన సంఘం పరువు ఉంది. మార్కుల మాట ఎవరూ ఎత్తరు, అది నేను చూసుకుంటాను."

"అది కాదు సార్. అమ్మాయి ఏడాది ఆగి మళ్ళీ రాత్తానంటాది."

"ఏడాదా? ఇంట్లో కూర్చునా?"

"పిల్ల దిగులు పెట్టుకుంటుందండీ," అంది జానకీదేవి. నిజంగానే బాధపడుతున్నట్టు అంది.

"నేనొక దారి చెబుతాను," అన్నాడు నారాయణమూర్తి. "మా ప్లాంటులో రిసెప్షన్‌కి మనిషి కావాలి. ఉజ్వలకి ఇంగ్లీషు చక్కగా వచ్చు. జపాన్ ఇంజినీర్లు వస్తూ పోతూ ఉంటారు. వాళ్ళ మధ్య ఉంటే భాష దానంతటదే పట్టుబడుతుంది. ఢిల్లీ దాకా ఎందుకు? సోమవారం నుంచి పంపించు."

"రిసెప్షనా సార్?"

"మొదట్లో. తర్వాత పర్మనెంటు చేయించే పూచీ నాది." ఆయన కాఫీ చివరి గుక్క తాగాడు. "వచ్చే ఏడాది బూట్ల ఆర్డరు ఫైలు కూడా నా టేబుల్ మీదికే వచ్చింది. అది వేరే సంగతి అనుకో."

ఏ మనిషైనా అది వేరే సంగతి అన్నాడంటే, అసలు సంగతి అదేనని బంగారురాజుకి తెలుసు. తనూ ఆ మాట చాలామందితో అన్నాడు.

లోపలి గది తలుపు సందులో మైత్రి నీడ కదిలి ఆగింది.

చెప్పాలనుకున్న మాటలు ఇంకా అతని నోట్లోనే ఉన్నాయి. అమ్మాయి స్టేజీ ఎక్కదు. మీ శాలువా వద్దు. నా కూతురు ఏడాది చదువుకుంటుంది. ఆ మాటల వెనక గేటు, షెడ్డు, అరలనిండా తెచ్చిపెట్టిన బూట్లు, వాటికి ఇంకో గిరాకీ ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న వరసగా నిలబడ్డాయి. ఒక ఏడాది తక్కెడలో ఒకవైపు ఉంది. మిగతావన్నీ రెండోవైపు ఉన్నాయి. ముల్లు ఎటు వాలిందో అతను చూసుకునేలోపే నోరు కదిలింది.

"తీసుకొత్తాను సార్."

"సోమవారం?"

"పంపిత్తాను."

నారాయణమూర్తి లేచి అతని భుజం తట్టాడు. "నువ్వు లెక్క తెలిసినవాడివి బంగారురాజూ."

*

అతను ఇంటికి వచ్చేసరికి గదిలో లైట్లన్నీ వెలుగుతున్నాయి. పొద్దున మాడిన వాసన పోయింది. ఉజ్వల తలంటుకుని, తడి జుట్టు విరబోసుకుని నేలమీద కూర్చుంది. చుట్టూ పుస్తకాలు. పాత దినపత్రికలు కత్తిరించి వాటికి అట్టలు వేస్తోంది. జోగమ్మ కాయితం చివర అదిమి పట్టుకుని ఉంది.

"ఇటు నొక్కు మామ్మా. అటు కాదు."

"నొక్కినాను కదే. నీ కత్తెరే వంకరెల్తంది."

"కత్తెర కాదు, నువ్వే వంకర."

జోగమ్మ బోసినోటితో నవ్వింది. ఉజ్వల కూడా నవ్వింది. ఆ నవ్వు విని బంగారురాజు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మైత్రి వాళ్ళ డ్రైవర్ చేత పంపింది నాన్నా," అంది ఉజ్వల. "దాని హిందీ పుస్తకాలన్నీ, పాత ప్రశ్నపత్రాలు కూడా. దాని నాన్నకి తెలీకుండా పంపింది."

కల్యాణి మంచినీళ్ళ గ్లాసు తెచ్చింది. గ్లాసు ఇచ్చి, అతను తాగేదాకా పక్కనే నిలబడింది.

"అడిగినారా?"

"అడిగినాను."

"మొహమ్మీదే?"

"మొహమ్మీదే అడిగినాను."

అంతవరకూ నిజమే. కల్యాణి అతని చేతిలోంచి గ్లాసు తీసుకుంటూ వేళ్ళు ఒక్క క్షణం అతని చేతిమీద ఉంచింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పదిమంది మధ్య ఆమె అలా చేసిన గుర్తు లేదు.

"నాను చెప్పలేదేటే," అంది కూతురితో. "మీ నాన్న ఆలీసంగా ఎల్లినా, ఎల్లాల్సిన చోటికే ఎల్తాడు."

"ఈసారి ఫారం నేనే నింపుతా నాన్నా. సరేనా?"

ఉజ్వల కత్తెర ఆపి, మొహం ఎత్తి అడిగింది. ఆ పిల్ల కళ్ళ కింద నిన్నటి వాపు ఇంకా తగ్గలేదు.

బంగారురాజు "ఊఁ" అన్నాడు. అది అవునో కాదో అతనికే తెలియలేదు. కానీ ఆ గదిలో ముగ్గురూ దాన్ని ఒకేలా విన్నారు.

"ఊఁ అన్నాడు," అంది జోగమ్మ. "మంచోడు నా కొడుకు."

ఇప్పుడే చెప్పాలి అనుకున్నాడు. చొక్కా విప్పి చెబుదాం. కాళ్ళు కడుక్కుని చెబుదాం. జేబులోంచి ఫోను తీసి, పుస్తకాల పక్కనున్న బల్లమీద పెట్టి, పెరట్లోకి నడిచాడు. కుళాయి తిప్పాడు. ఎలా మొదలుపెట్టాలో నోట్లోనే అనుకుని చూసుకున్నాడు. మంచి ఉద్యోగం. జపాన్‌వాళ్ళు ఉంటారు. ఊరు దాటి పోనక్కర్లేదు. ఏ సరుకు మాటనైనా ఎలా ఎత్తుకోవాలో అతనికి తెలుసు. ఈ ఒక్కదానికి మాత్రం మొదటి మాట దొరకలేదు.

లోపల ఫోను మోగింది.

"మూర్తి అంకుల్, నాన్నా," అని ఉజ్వల కేక వేసింది. "నేను తీస్తున్నా."

"ఉండు, నాను..."

తడి కాళ్ళతో అతను గుమ్మం చేరేసరికి ఆ పిల్ల ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంది. ఒక చేత్తో పుస్తకం అట్ట మడత ఇంకా అదిమి పట్టుకునే ఉంది.

"నమస్తే అంకుల్... జీ... జీ అంకుల్."

తర్వాత చాలాసేపు విన్నది. మడత మీదున్న చెయ్యి తీసేసింది. అట్ట విప్పుకుని పుస్తకం మీంచి పక్కకి జారింది. జోగమ్మ "పట్టుకోయే" అంటూ దాన్ని అందుకోబోయింది. కల్యాణి కూతురి మొహం చూసి, అక్కణ్ణుంచి భర్తవైపు చూసింది.

ఉజ్వల ఫోను తండ్రివైపు చాచింది.

"అంకుల్ లైన్లో ఉన్నారు. సోమవారం నన్ను నువ్వే తెచ్చి దింపుతావా, ప్లాంటు బండి పంపమంటావా అని అడుగుతున్నారు."